ఆకు తిప్పి చూడండి

పోయిన నెల వేపచెట్ల కొమ్మలు ఎండిపోవడం గురించి రాశాక చెట్ల జబ్బుల మీద ఉత్తరాలు బాగా వచ్చాయి. వాటిలో ఐదు కాఫీ గురించే. నా ఉద్యోగం ఇరవై ఎనిమిదేళ్లూ కాఫీ ఆకుల జబ్బులతోనే గడిచింది కాబట్టి ఈసారి పేజీలన్నీ ఆ ఐదింటికే ఇస్తున్నాను. మొదటి రెండు జవాబులూ పొడుగ్గా ఉంటాయి. అడిగిన సంగతులు అలాంటివి.

ప్రశ్న: మేడం గారూ, మాది చింతపల్లి వైపు కొండ మీద ఊరు. ఎకరంన్నర కాఫీ ఉంది. పైన సిల్వర్ ఓక్ నీడ, ఓక్ చెట్లకు మిరియాల పాదులు. వానలు తగ్గుముఖం పట్టేసరికి కొన్ని మొక్కల ఆకుల కింద నారింజ రంగు పొడి వస్తుంది. తర్వాత ఆకులన్నీ రాలిపోతాయి. దాని పక్కనే, కొమ్మకు కొమ్మ తగిలేంత దగ్గరలో ఉన్న మొక్కకు మాత్రం ఏమీ కాదు. మా నాన్న అదంతా మొక్క రాత అంటాడు. ఆ రెండో మొక్కకు జబ్బు వస్తోందని తెలుస్తుందా? తెలిస్తే ఏం చేస్తుంది?
— ఒక యువ రైతు, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: తెలుస్తుంది తమ్ముడూ. ఎలా తెలుస్తుందో చెప్పాలంటే ముందు ఆ నారింజ పొడి దగ్గరికి వెళ్లాలి.

ఆకు తిప్పి ఆ పొడిని బొటనవేలితో రుద్దితే పసుపు కొమ్ము అరగదీసినట్టు వేలికి రంగు అంటుకుంటుంది. ఆ వేలి మీద ఉన్నవి వేల కొద్దీ శిలీంధ్ర బీజాలు. మనం ఆకుతుప్పు అంటున్న తెగులు ఇదే. మైక్రోస్కోప్ కింద పెడితే ఒక్కో బీజం బత్తాయి తొనలా కనిపిస్తుంది. వీపు మీద చిన్న చిన్న ముళ్లు ఉంటాయి, కడుపు వైపు నున్నగా ఉంటుంది. దీని శాస్త్రీయ నామం హెమిలియా వాస్టాట్రిక్స్. మొదటి మాటకు సగం నున్నన అనీ, రెండో మాటకు సర్వనాశనం చేసేదనీ అర్థం. 1869లో సిలోన్ (ఇప్పటి శ్రీలంక) నుంచి వచ్చిన ఆకులు చూసి బర్కిలీ, బ్రూమ్ అనే ఇద్దరు ఆంగ్లేయులు ఆ పేరు పెట్టారు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి సిలోన్ కొండల మీద కాఫీ పోయి తేయాకు వచ్చింది. పేరు పెట్టినవాళ్లు కూడా అంత దూరం ఊహించి ఉండరు.

ఈ బీజం ఆకు పైభాగాన పడితే ఏమీ చేయలేదు. కాఫీ ఆకుకు గాలి పీల్చే రంధ్రాలన్నీ కింది వైపే ఉంటాయి. బీజం కింది వైపుకు చేరాలి, అక్కడ నీటి తడి ఉండాలి, చీకటి పడాలి. మన్యంలో వాన వెలిసిన రాత్రి ఈ మూడూ కుదురుతాయి. అప్పుడు బీజం నుంచి సన్నని దారం లాంటి మొలక బయటికి వస్తుంది. ఆకు మీద పాకుతూ రంధ్రం కోసం వెతుక్కుంటుంది. దొరికాక దాని మీద చిన్న దిండులా ఉబ్బి కూర్చుని లోపలికి దిగుతుంది. ఆలోపే తడి ఆరిపోతే ఆ మొలక ఎండి చస్తుంది.

ఇక మొక్క సంగతి. దానికి కళ్లు, ముక్కు లేవు. మన ఒంట్లో లాగా రక్తంలో తిరిగే కాపలా కణాలు కూడా లేవు. అందుకని ప్రతి కణమూ తన కాపలా తానే కాసుకుంటుంది. కణం పైపొర మీద కొన్ని ప్రోటీన్లు తలలు బయటికి పెట్టుకుని ఉంటాయి. వాటికి తెలిసిన పదార్థం తగిలితే లోపలికి కబురు పంపుతాయి. శిలీంధ్రం గోడలో కైటిన్ అనే పదార్థం ఉంటుంది. రొయ్య పెంకులో ఉండేదీ అదే. మొక్క తన ఒంట్లో కైటిన్ తయారు చేసుకోదు. కాబట్టి ఆ ముక్క ఒక్కటి తగిలినా ఎవరో పరాయివాడు వచ్చాడని కణం గుర్తిస్తుంది. పైగా కైటిన్‌ను కత్తిరించే ఎంజైమ్‌లను మొక్క కణాల మధ్యకు వదులుతుంది. తెగిన ముక్కలు వెళ్లి మళ్లీ ఆ ప్రోటీన్లకే తగులుతాయి, కబురు ఇంకా గట్టిగా అందుతుంది. ఈ గుర్తింపు ఎలా జరుగుతుందో మొదట బయటపడింది మన వరి మొక్కలోనూ, ఆవాల కుటుంబానికి చెందిన ఒక చిన్న కలుపు మొక్కలోనూ.

కబురు అందిన నిమిషాల్లోనే కణం హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తుంది. గాయమైతే కాంపౌండరు దూదితో అద్దితే నురగ వస్తుందే, ఆ మందే. గోడకు లోపలి వైపు క్యాలోస్ అనే పదార్థాన్ని మాసిక వేసినట్టు వేస్తుంది. చాలా శిలీంధ్రాలు ఇక్కడే ఆగిపోతాయి. గాలిలో కొట్టుకొచ్చే వేరే పంటల తుప్పు బీజాలు కూడా నీ కాఫీ ఆకుల మీద పడుతూనే ఉంటాయి. వాటి వల్ల నీ మొక్కకు ఏమీ కాకపోవడానికి ఈ మొదటి కాపలా ఒక పెద్ద కారణం.

కాఫీ తుప్పుతో వచ్చిన చిక్కేమిటంటే, అది కాఫీ మీదే బతకడం నేర్చుకున్నది. కణాన్ని చంపదు. గోడకు కన్నం పెట్టి వేలు లాంటి మొగ్గను లోపలికి పంపుతుంది. లోపలి పలుచని పొరను చింపకుండా, జేబులో వేలు దూర్చినట్టు నెట్టుకుంటూ పోతుంది. ఆ వేలి గుండా కొన్ని ప్రోటీన్లను కణంలోకి వదులుతుంది. కణం పెడుతున్న గగ్గోలును అణచడం వాటి పని. నీ జబ్బు మొక్కలో జరుగుతున్నది ఇదే. కణం బతికే ఉంటుంది, ఎండకు చక్కెర తయారు చేస్తూనే ఉంటుంది, ఆ చక్కెర తుప్పు తింటుంది. మూడు వారాలో, చలిగా ఉంటే ఇంకా ఎక్కువో గడిచాక అవే రంధ్రాల గుండా కొత్త బీజాలు గుత్తులుగా బయటికి వస్తాయి. నీకు పొడి కనిపించేది అప్పుడు. అంటే నువ్వు చూసేటప్పటికి అది వచ్చి నెల కావస్తోందన్నమాట.

పక్క మొక్కలో కణం లోపల ఇంకో కాపలా ఉంది. మొదటి కాపలా కైటిన్‌ను గుర్తుపడితే, ఇది తుప్పు లోపలికి వదిలిన ప్రోటీన్‌నే గుర్తుపడుతుంది. గుర్తుపట్టిన మరుక్షణం ఆ కణం తనను తాను చంపుకోవడం మొదలుపెడుతుంది. చుట్టూ ఉన్న కొన్ని కణాలూ అదే పని చేస్తాయి. తుప్పుకు బతికున్న కణమే తిండి. వేలు పెట్టిన కణం చచ్చిపోతే దానికి ఇంకేమీ దొరకదు, అక్కడే ఎండిపోతుంది.

దీన్ని నేను కళ్లారా చూసింది ఉద్యోగంలో చేరిన రెండో ఏట. ఆకుల నుంచి రూపాయి బిళ్లంత ముక్కలు కోసేవాళ్లం. కింది వైపు పైకి వచ్చేలా తిప్పి, ప్లాస్టిక్ డబ్బాలో తడి స్పాంజి మీద వరసగా పేర్చేవాళ్లం. కుంచెతో బీజాలు అద్ది, నీళ్లు చిలకరించి, మూత పెట్టి ఒక రాత్రంతా చీకట్లో ఉంచేవాళ్లం. రెండు రోజుల తర్వాత పలుచగా కోసి, నీలి కాంతి పడే మైక్రోస్కోప్ కింద పెట్టాను. జబ్బు పడే రకం ముక్కలో ఎక్కడా ఏ గొడవా లేదు, దారాలు హాయిగా లోపలికి దిగిపోయాయి. తట్టుకునే రకం ముక్క పెట్టగానే చీకట్లో అక్కడొకటి అక్కడొకటి కణాలు పసుపు పచ్చగా వెలిగాయి. కార్తీక పౌర్ణమి రాత్రి అరటి దొప్పల్లో ఏటిలో వదిలిన దీపాల్లా ఉన్నాయి. ఒక్కో దీపం దగ్గర ఒక్కో దారం ఆగిపోయి ఉంది. చచ్చిన కణాల గోడల్లోకి ఫినాల్ అనే జాతి పదార్థాలు చేరడం వల్ల వచ్చే వెలుగు అది. నేను లెక్క రాసుకోవాల్సిన దాన్ని, రాసుకోకుండా చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

బయటి నుంచి చూస్తే అదే ఆకు మీద ఏమీ కనిపించదు. మహా అయితే సూదిమొనంత లేత చుక్కలు. నీ పక్క మొక్క ఆకుల్ని ఎండకు ఎత్తిపట్టి చూడు, ఆ చుక్కలు దొరకవచ్చు. దానికి జబ్బు రాలేదని కాదు, వచ్చిన జబ్బు వచ్చినచోటే ఆగిందని.

మరి రెంటికీ ఈ తేడా ఎందుకంటే, గింజ వల్ల. మీరు పండించే అరబికా జాతి కాఫీ ఎక్కువగా తన పుప్పొడితో తానే గింజ కడుతుంది కానీ, పూర్తిగా కాదు. పైగా మన దగ్గర నాటుతున్న మంచి రకాలు సంకరాల నుంచి వచ్చినవి. మీ తోటలో గింజే ఏరి నారు పోసుకుంటే, పుట్టిన పిల్లలన్నిటికీ ఆ లోపలి కాపలా జన్యువులు అందవు. మీ నాన్న గారు రాత అన్నది ఒక రకంగా సరైన మాటే. ఇంకో కారణం కాపు. ఒక మొక్క విరగకాసిన ఏడు దాని సత్తువంతా పండ్లకు పోతుంది, ఆ ఏడు తుప్పు దాని మీద ఎక్కువ కనిపిస్తుంది. జబ్బు పడే మొక్క, పడని మొక్క ఏవో రిబ్బను కట్టి గుర్తు పెట్టుకో. రెండు మూడేళ్లు చూశాక, మంచివాటి గింజే నారుకు తియ్యి.

ప్రశ్న: అమ్మా, ఐదేళ్ల కింద చంద్రగిరి రకం వెయ్యి మొక్కలు నాటాం. నారు ఇచ్చినవాళ్లు దీనికి తుప్పు రాదని చెప్పారు. ఈ ఏడు పది పదిహేను మొక్కల్లో పొడి కనిపించింది. మమ్మల్ని మోసం చేశారా? లేక మా మొక్కల బలం తగ్గిపోయిందా? పీకేయమంటారా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
— ఒక మహిళా రైతు, పాడేరు వైపు నుంచి

జవాబు: పీకకండమ్మా. ముందు ఆ మాట చెప్పి, మిగతాది తర్వాత చెబుతాను. వెయ్యి మొక్కల్లో పది పదిహేనంటే తోట పోయినట్టు కాదు.

మీ ఉత్తరం చదివితే నాకు ఒకామె గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊళ్లో రైతుల మీటింగులో, అప్పట్లో కొత్తగా వచ్చిన ఒక రకం గురించి చెబుతూ 'దీనికి తుప్పు రాదు' అన్నాను. వెనక వరసలో కూర్చున్న పెద్దావిడ, ముక్కుకు మూడు నత్తులు, లేచి ‘ఎన్నేళ్లు రాదమ్మా?’ అని అడిగింది. ‘ఎప్పటికీ రాదు’ అన్నాను. తొమ్మిదేళ్ల తర్వాత అదే ఊరికి వెళ్తే ఆవిడ నన్ను చెయ్యి పట్టుకుని తోటలోకి తీసుకెళ్లింది. ఒక్క మాట కూడా అనలేదు. ఆకు తిప్పి చూపించింది. ఆ నారింజ రంగు ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. ఆవిడ అడిగిన ప్రశ్న సరైనది, నేను చెప్పిన జవాబు తప్పు. ఆ తర్వాత ఏ రకం గురించీ ‘రాదు’ అని నేను అనలేదు, ‘ఇప్పటికి తట్టుకుంటోంది’ అనే అన్నాను. మీకు నారు ఇచ్చినవాళ్లు కూడా ఆ ఒక్క మాట కలిపి చెప్పి ఉండాల్సింది.

మీ మొక్క బలం తగ్గలేదు. తుప్పు మారింది. పై జవాబులో చెప్పానే, కణం లోపలి కాపలా తుప్పు వదిలే ప్రోటీన్‌ను గుర్తుపడుతుందని. ఒక్కో కాపలా జన్యువుకు గుర్తుండేది ఒక్కో ముఖమే. బీజాలు కోట్ల కొద్దీ పుడుతుంటే వాటిలో ఎక్కడో ఒకదానికి ఆ ప్రోటీన్ కాస్త మారిపోతుంది, లేదా పూర్తిగా పోతుంది. అప్పుడు మొక్క కాపలా అక్కడే ఉన్నా, ఆ ముఖాన్ని గుర్తుపట్టదు. మొక్కలో ఒక జన్యువు, తెగులులో దానికి జోడీ ఇంకో జన్యువు అనే ఈ లెక్కను అవిసె గింజల మొక్క మీద వచ్చే తుప్పులో తేల్చినవాడు అమెరికాలోని నార్త్ డకోటాలో పనిచేసిన హెచ్.హెచ్. ఫ్లోర్. అది 1940లలో.

కాఫీలో ఆ సంగతి మన దేశంలో అంతకుముందే అనుభవంలోకి వచ్చింది. మైసూరు వైపు తోటల్లో కెంట్ అనే దొర తుప్పు పట్టని ఒక మొక్కను ఏరి పెట్టాడు. ఆ కెంట్స్ రకం కొన్నేళ్లు బాగా నిలబడింది, తర్వాత దానికీ తుప్పు పట్టింది. 1930లలో చిక్కమగళూరు దగ్గరి బాళెహొన్నూరు పరిశోధన కేంద్రంలో డబ్ల్యూ.డబ్ల్యూ. మేన్ దీని వెంటపడి, కాఫీ తుప్పు ఒక్కటి కాదని, చూడటానికి ఒకేలా ఉండే వేర్వేరు జాతులున్నాయని నిరూపించాడు. తర్వాత అక్కడే లైబీరికా అనే వేరే కాఫీ జాతి నుంచి వచ్చిన కాపలా జన్యువు ఉన్న మొక్కను కెంట్స్‌తో కలిపి ఎస్ 795 తయారు చేశారు. మీ ఊళ్లో పాత తోటలున్నవాళ్లను అడగండి, చాలామందికి ఆ పేరు తెలిసే ఉంటుంది. దాన్ని కూడా తుప్పు తర్వాత దాటింది. కానీ ఒక్కసారిగా కాదు, నెమ్మదిగా. ఇప్పటికీ ఎస్ 795 కాస్తూనే ఉంది, రుచికి దానికి మంచి పేరుంది.

మీ చంద్రగిరి కథ ఆగ్నేయాసియాలోని తిమోర్ దీవి నుంచి మొదలవుతుంది. 1927లో అక్కడి ఒక తోటలో అరబికా, రొబస్టా అనే రెండు కాఫీ జాతులు వాటంతట అవే కలిసి పుట్టిన మొక్క ఒకటి దొరికింది. అరబికాలో 44 క్రోమోజోములు, రొబస్టాలో 22. మామూలుగా ఆ రెండూ కలవవు. కలిసి పుట్టిన ఆ మొక్కకు రొబస్టా నుంచి నాలుగు కాపలా జన్యువులైనా అందాయి. 1955లో పోర్చుగల్‌లోని ఓయ్‌రాస్‌లో కాఫీ తుప్పు కోసమే ఒక కేంద్రం పెట్టారు. అక్కడే ఎందుకంటే, పోర్చుగల్‌లో కాఫీ పండదు. ఏ దేశపు తుప్పు తెచ్చి దాచినా, బయటికి జారినా పట్టుకోవడానికి తోట ఉండదు. ప్రపంచం నలుమూలల నుంచి పంపిన నమూనాల్లో వాళ్లు 50కి పైగా తుప్పు జాతులను విడదీశారు. తిమోర్ మొక్కను పొట్టి అరబికా రకాలతో కలిపిందీ అక్కడే. ఆ సంతతిలో ఏరినదే 2007లో మన దేశంలో విడుదలైన చంద్రగిరి. ఇన్ని కాపలాలు ఒకే మొక్కలో ఉండటం వల్లే అది ఇన్నాళ్లు గట్టిగా నిలబడింది. తుప్పు ఒకేసారి నాలుగైదు ముఖాలు మార్చుకోవాలి కదా.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెబుతాను. ఆ పది పదిహేను మొక్కలు ఒకేచోట ఉన్నాయా, చెల్లాచెదురుగా ఉన్నాయా చూడండి. చెల్లాచెదురుగా ఉంటే, గింజలో కలిసి వచ్చిన వేరే రకం మొక్కలు అయి ఉండే అవకాశం ఎక్కువ. ఒకేచోట గుంపుగా ఉండి ఏటా విస్తరిస్తుంటే మీ దగ్గరి కాఫీ పరిశోధన కేంద్రం వాళ్లకు తప్పకుండా చూపించండి. కొత్త తుప్పు జాతిని ముందు పట్టుకునేది మీలాంటి వాళ్ల కళ్లే.

మందు అంటే బోర్డో మిశ్రమమే. 200 లీటర్ల నీళ్లకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం. రెంటినీ విడివిడిగా ప్లాస్టిక్ డ్రమ్ముల్లో కరిగించి, మైలుతుత్తం నీళ్లను సున్నపు నీళ్లలో పోస్తూ కలపాలి. కలిపాక శుభ్రంగా తోమిన ఇనప కత్తిని కాసేపు ముంచి తీయండి. కత్తికి ఎర్రగా రాగి అంటితే సున్నం చాల్లేదని గుర్తు, ఇంకొంచెం కలపండి. లేకపోతే ఆకులు మాడతాయి. తొలకరికి ముందు ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి, ఆకు కింది వైపు తడిసేలా కొట్టాలి. ఈ మందు మొలకెత్తే బీజాన్ని చంపుతుంది కానీ, ఆకు లోపలికి దిగిన దాన్ని ఏమీ చేయదు. పైనుంచి కొట్టి వెళ్లిపోతే ఖర్చు దండగ. మీది సేంద్రియ సర్టిఫికెట్ ఉన్న తోట అయితే రాగి మందుకు పరిమితి ఉంటుంది, మీ సంఘం వాళ్లను అడిగి కొట్టండి. మొక్క నడుమ గుబురు తీసి, అక్కర్లేని పిలకలు విరిచేసి గాలి ఆడనివ్వండి. ఆకు తడి ఎంత త్వరగా ఆరితే అంత మంచిది.

కొత్తగా నాటేటప్పుడు తోటంతా ఒకే రకం పెట్టకండి. ఈ మాట 1880ల్లోనే సిలోన్‌లో హ్యారీ మార్షల్ వార్డ్ అనే కుర్ర శాస్త్రవేత్త చెప్పాడు. గాలిలో బీజాలు ఎలా తిరుగుతున్నాయో పట్టుకోవడానికి ఆయన తోటల్లో గాజు పలకలు పెట్టి చూశాడు. కొండ మీద కొండ ఒకే మొక్క నాటితే దీన్ని ఆపలేమన్నాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. మీకు ఇంకా ఆలస్యం కాలేదు.

ప్రశ్న: మేడం, మనకు టీకా వేస్తే యాంటీబాడీలు పుడతాయి కదా. కాఫీ మొక్కకు అలా టీకా వేయొచ్చా?
— బీఎస్సీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: మంచి ప్రశ్న అమ్మా. మొక్కల్లో యాంటీబాడీలు లేవు. మన ఒంట్లో కొత్త రోగం వచ్చాక దానికి సరిపోయే ఆయుధం కొత్తగా తయారవుతుంది. మొక్క అలా చేయలేదు. దానికి ఏ కాపలా జన్యువులు తల్లిదండ్రుల నుంచి వచ్చాయో అవే జీవితాంతం. అందుకే పై జవాబులో జన్యువుల గురించి అంత చెప్పాను.

కానీ టీకాకు దగ్గరగా ఉండే సంగతి ఒకటుంది. ఒక ఆకు మీద దాడి జరిగినప్పుడు శాలిసిలిక్ ఆమ్లం పెరుగుతుంది, యాస్పిరిన్ మాత్రకు అది దగ్గరి బంధువు. ఆ కబురు మిగతా ఆకులకూ చేరి, అవి ముందే జాగ్రత్త పడతాయి. కైటిన్‌ను కత్తిరించే ఎంజైమ్‌లు అక్కడ కూడా సిద్ధంగా ఉంటాయి. శాలిసిలిక్ ఆమ్లంలా పనిచేసే బీటీహెచ్ అనే రసాయనాన్ని ముందే చల్లితే కాఫీ మొక్కల్లో తుప్పు తగ్గినట్టు ప్రయోగాల్లో తేలింది. దాడి జరిగాక చల్లితే లాభం ఉండదు, ముందే చల్లాలి. ఇబ్బంది ఏమిటంటే, కాపలాకు మొక్క తన తిండిలోంచే ఖర్చు పెట్టాలి. ఎప్పుడూ జాగ్రత్తగానే ఉండే మొక్క ఎదుగుదల తగ్గుతుంది. రైతు తోటలో దీన్ని ఎప్పుడు, ఎంత వాడాలో తేల్చాల్సిన పని చాలా ఉంది. నీకు ఆసక్తి ఉంటే ఎమ్మెస్సీలో మొక్కల తెగుళ్ల శాస్త్రం తీసుకో. ఆ పని చేసేవాళ్లు కావాలి.

ప్రశ్న: నమస్కారం అండీ. కెఫీన్ అనేది కాఫీ మొక్క పురుగుల కోసం తయారు చేసుకున్న విషమని విన్నాను. మరి ఆ కెఫీన్ ఉండగా ఈ తెగులు ఎలా వస్తోంది? ఇంకో మాట, మా ఆవిడ అరకు కాఫీ తప్ప తాగదు. తెగులు పట్టిన తోట కాఫీ తాగితే ఏమన్నా అవుతుందా?
— న్యూజెర్సీ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఏమీ కాదండీ, నిశ్చింతగా తాగమనండి. తుప్పు ఆకు మీదే బతుకుతుంది, గింజ జోలికి రాదు. నష్టం తాగేవాళ్లకు కాదు, పండించేవాళ్లకు. ఆకులు రాలిపోతే కొమ్మకు తిండి ఉండదు. కాఫీ పోయిన ఏడు పెరిగిన కొమ్మ మీద ఈ ఏడు కాస్తుంది. అంటే ఈ సంవత్సరం తుప్పు పడితే వచ్చే సంవత్సరం కాపు పోతుంది. 2012, 2013ల్లో మధ్య అమెరికా దేశాల్లో తుప్పు విజృంభించినప్పుడు లక్షల మంది తోట కూలీలకు పని పోయింది. మీరు కొనే డబ్బా వెనక అలాంటి సంవత్సరం ఒకటి వస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

కెఫీన్ మాట నిజమే. చాలా పురుగులకు అది విషం. గాజు గిన్నెలో ఎక్కువ మోతాదులో పోస్తే కొన్ని శిలీంధ్రాలనూ ఎదగనివ్వదు. కానీ తుప్పు పట్టే అరబికాలోనూ కెఫీన్ ఉంది, పట్టని దానిలోనూ ఉంది. కాబట్టి తుప్పును ఆపేది, ఆపనిది దానివల్ల తేలడం లేదు. పైగా తుప్పు కణాన్ని చీల్చకుండా మెల్లగా వేలు పెట్టి తింటుంది. మొక్కకు అసలు ఆసరా పైన చెప్పిన గుర్తింపే. గుర్తుపట్టాక గోడల్లో చేరే ఫినాల్ జాతి పదార్థాలకు దగ్గరివే క్లోరోజెనిక్ ఆమ్లాలు. మీ కప్పులో కాస్త వగరు, చేదు తగిలేది కొంత వాటి వల్లే.

ప్రశ్న: మా బడి పక్కనే కాఫీ తోట ఉంది. పిల్లలకు మైక్రోస్కోప్ లేకుండా దీని గురించి ఏమన్నా చూపించగలనా?
— ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు, అనంతగిరి మండలం

జవాబు: చూపించగలరు మాస్టారూ. అక్టోబరు, నవంబరు నెలల్లో, తోట యజమానిని అడిగి, ఒక భూతద్దం తీసుకెళ్లండి చాలు. పిల్లలను ఆకు పైభాగంలో లేత పసుపు మచ్చలు వెతకమనండి. దొరికాక అక్కడే తిప్పి చూడమనండి. మచ్చ ఎంత పెద్దదో గోరుతో కొలవమనండి, ఏ కొమ్మ మీద ఉందో రాయించండి. కింది కొమ్మల్లో ఎక్కువ, పై కొమ్మల్లో తక్కువ కనిపించే అవకాశం ఉంది. ఎందుకో వాళ్లనే ఆలోచించనివ్వండి. ఆకు తడి ఎక్కడ ఎక్కువసేపు ఉంటుందో వాళ్లకు మనకంటే బాగా తెలుసు.

ఇంకోటి వెతికించండి. కొన్ని నారింజ మచ్చల మీద దూది దులిపినట్టు తెల్లగా ఉంటుంది. అది లెకానిసిలియం అనే ఇంకో శిలీంధ్రం, తుప్పును తింటుంది. భూతద్దంలో తెల్లని పోగులు నారింజ గుత్తుల మీద అల్లుకుని కనిపిస్తాయి. నీడ బాగా ఉండి, మందులు అతిగా కొట్టని తోటల్లో ఇది దొరికే అవకాశం ఎక్కువ. నేను ఉద్యోగంలో ఉండగా తోటకు వెళ్తే ముందు దాన్ని వెతుక్కునేదాన్ని, కనిపిస్తే ఆ రోజంతా సంతోషంగా ఉండేది.

ఒక్క జాగ్రత్త. పిల్లలు ఆకులు తెంపి జేబుల్లో వేసుకోకూడదు. ఆ తోట నుంచి నేరుగా ఇంకో తోటకు పోకూడదు. బయటికి వచ్చాక చేతులు కడిగించి, చొక్కాలు దులిపించండి, బీజాలు బట్టలకు అంటుకుని ప్రయాణం చేస్తాయి. వాళ్లు రాసుకున్న లెక్కలు నాకు ఈ పత్రిక చిరునామాకు పంపండి. నారింజ మచ్చలు ఎన్ని, వాటిలో తెల్లగా మారినవి ఎన్ని అని రెండు వరసలుగా రాస్తే చాలు.